భోజన పాత్రలు – గుణదోష విచారణ

గాఢమైన స్నేహాన్ని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు 'ఒకే కంచం, ఒకే మంచం' అంటారు. ఉర్దూవారు 'హమ్ ప్యాలా, హమ్ నివాలా' అంటారు. ఒకే పాత్రలో త్రాగేవారు, ఒకే ముద్దను పంచుకొనేవారు అని దాని అర్థం. రెండు భాషలూ స్నేహానికి కొలతగా తిండి పాత్రనే ఎన్నుకొన్నాయి. ఈ రెండు భాషలు పక్కపక్క బెంచీలపై కూర్చుండే మన కళాశాలలో, రోజుకు రెండు మూడు మార్లు మన ముందుకు వచ్చే ఆ పాత్రను గూర్చి కొంత విచారించడం అనుచితం కాదని తలుస్తున్నాము.

ఏ పాత్ర మంచిది? ఈ ప్రశ్నకు ఎవరి సమాధానం వారికి ఉన్నది. ఇంట్లోని పెద్దలు ఇత్తడిని, కంచును మెచ్చుకొంటారు. ఆరోగ్యాభిలాషులు రాగిచెంబు అంటారు. దుకాణదారు స్టీలు చూపిస్తాడు. విందులు చేయించేవారు వాడి పారవేసే పళ్ళెమే సుఖమంటారు. వీరిలో ఏ ఒక్కరి మాటా పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. ఎందుకంటే పాత్ర గుణం లోహంలో మాత్రమే లేదు. అందులో ఏమి వడ్డిస్తాము, దాని కింద ఎంత మంట పెడతాము, దానిని ఎవరు ఎట్లా తోముతారు, దాని ముందు ఎవరిని కూర్చోబెడతాము అనేవాటిపై అది ఆధారపడి ఉన్నది. కాబట్టి ప్రతి పాత్రకూ నాలుగు పరీక్షలు పెట్టాలని మా అభిప్రాయం. మొదటిది, పదార్థంతో అది కలహించకూడదు. రెండవది, వేడిని మనకు అనుకూలంగా నడిపించాలి. మూడవది, సులభంగా శుభ్రపడి చిరకాలం మన్నాలి. నాలుగవది, నలుగురినీ సమానంగా కూర్చోబెట్టగలగాలి. ఈ నాలుగవ పరీక్ష రసాయనశాస్త్ర గ్రంథాలలో ఉండదు. కాని మన దేశంలో అది మిగిలిన మూడింటికంటె చిన్నది కాదు.

విస్తరి, మట్టి, రాయి

అన్నింటికంటె పురాతనమైన కంచం ఆకు. అరటి ఆకు, మోదుగ విస్తరి, అడ్డాకు విస్తరి మన ప్రాంతంలో ప్రసిద్ధాలు. విశాఖ మన్యపు అడవులలో ఎగబ్రాకే అడ్డ తీగ ఆకులను గిరిజనులు సేకరించి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్ళుగా, దొప్పలుగా చేస్తారు. 1956లో స్థాపితమై విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ సేకరించే అటవీ ఫలసాయాలలో అడ్డాకు ఒకటి. ఆకుకు పులుపుతో గాని, ఉప్పుతో గాని కలహం లేదు. తోమే పని లేదు. తిన్న తరువాత పశువు తింటుంది, లేదా మట్టిలో కలిసిపోతుంది. ఎవరికి వారికి కొత్త ఆకు గనుక ఎంగిలి అనే ప్రశ్న రాదు.

దోషాలు కూడ చెప్పాలి. పలుచని చారు విస్తరిలో నిలువదు. కుట్టు వదులైతే పులుసు కిందికి జారుతుంది. గాలి వీస్తే ఆకు లేచిపోతుంది. 'అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది' అనే సామెత ఈ అనుభవం నుంచి పుట్టినదే. ఉర్దూవారు ఇదే నీతిని 'థోథా చనా బాజే ఘనా' అని శనగగింజపై పెట్టి చెబుతారు.

మట్టిపాత్ర చవక. వేడిని నెమ్మదిగా తీసికొని నెమ్మదిగా విడుస్తుంది. దాని సన్నని రంధ్రాల గుండా చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఆ రంధ్రాలే దాని దోషం కూడ. నూనె, వాసన వాటిలో చేరి ఎంత తోమినా పూర్తిగా పోవు. చేయి జారితే పాత్ర మిగలదు. రాచ్చిప్ప అని మనవారు పిలిచే మెత్తని రాతిపాత్ర ఇంకొక విశేషం. చింతపండు పులుసుకు దానిని మించినది లేదని పూర్వపు గృహిణులు ఎరుగుదురు. రాయి పులుపుతో కలియదు. పొయ్యి దించిన తరువాత కూడ పులుసు చాలసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. అయితే అది బరువు. ఒక్కసారిగా పెద్ద మంట తగిలితే పగులుతుంది. ఊరగాయకు జాడీని ఎన్నుకోవడం కూడ ఇటువంటి తెలివే. ఉప్పు, పులుపు, నూనె ఏడాదిపాటు కలిసి ఉండేచోట ఏ లోహాన్నీ నమ్మరాదు.

రాగి, ఇత్తడి, కంచు

మన పాత్రల పేర్లలోనే వాటి చరిత్ర ఉన్నది. కంచు నుంచి కంచం వచ్చింది. చెంబు అనే మాటకు మూలం రాగిని తెలిపే ద్రావిడ పదం. తమిళంలో ఇప్పటికీ 'చెంబు' అంటే రాగియే. అనగా నేడు స్టీలు కంచంలో తింటూ, ప్లాస్టిక్ చెంబుతో నీళ్ళు ముంచుతూ, మనం పోయిన లోహాల పేర్లనే పలుకుతున్నాము.

రాగికి యశదాన్ని, అనగా జింకును, సుమారు మూడింట ఒక వంతు కలిపితే ఇత్తడి అవుతుంది. సుమారు ఐదింట ఒక వంతు తగరం కలిపితే ఖంగుమని మ్రోగే కంచు అవుతుంది. యశదం విశాఖవాసులకు దూరపు వస్తువు కాదు. 1977లో ప్రారంభమైన ఇక్కడి జింకు కర్మాగారం 2012లో మూతపడే వరకు ఆ లోహాన్ని ఉత్పత్తి చేసింది. ఈ లోహాలతో పాత్రలు చేసే కంచరుల పనితనానికి శ్రీకాకుళం జిల్లాలోని బుడితి, గోదావరి ప్రాంతంలోని అజ్జరం గ్రామాలు పేరు గాంచాయి. పాత ఇత్తడి బిందెకు సొట్ట పడితే తీయించవచ్చు. చిల్లి పడితే మాటు వేయించవచ్చు. మరీ పాతదైతే తూకానికి ఇచ్చి కొత్తది తెచ్చుకోవచ్చు. ఇత్తడి సామాను ఇంటికి ఒక విధమైన పొదుపు ఖాతా. ఆడపిల్లకు పెట్టిన బిందెలు, పళ్ళాలు కరువు రోజులలో కుదువ పెట్టడానికి కూడ పనికివచ్చేవి.

వేడిని నడిపించే పరీక్షలో రాగి అగ్రగణ్యం. స్టెయిన్‌లెస్ స్టీలుకంటె అది సుమారు 25 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువలన రాగి దేగ్ అడుగున ఒకచోట మంట ఎక్కువైనా ఆ వేడి పాత్రంతా పరచుకొంటుంది. వివాహాలలో వందల మందికి బిర్యానీ వండే వంటవారు నేటికీ రాగి దేగ్‌ను వదలకపోవడం చాదస్తం కాదు, అనుభవం నేర్పిన భౌతికశాస్త్రం. రాగికి ఇంకొక గుణం ఉన్నది. రాత్రంతా రాగిపాత్రలో నిలువ ఉంచిన నీటిలో అతిసారాన్ని కలిగించే కొన్ని సూక్ష్మజీవులు నశిస్తాయని ప్రయోగాలలో తేలింది.

అయితే మొదటి పరీక్షలో రాగి, ఇత్తడి రెండూ ఓడిపోతాయి. చింతపండు, నిమ్మ, పెరుగు తగిలితే వాటి నుంచి రాగి లవణాలు పదార్థంలోకి దిగుతాయి. పాత్రకు పచ్చని చిలుము పడుతుంది. అటువంటి పదార్థం తింటే కడుపులో తిప్పుట, వాంతులు కలుగుతాయి. పెరుగును ఇత్తడి గిన్నెలో ఉంచరాదని మన అమ్మమ్మలు, నానీమాలు చెప్పిన నియమం ఇందుకే. కాబట్టి నీటికి రాగిచెంబు మంచిదే. అదే చెంబులో నిమ్మరసం కలిపి త్రాగడం మంచిది కాదు. ఒకే పాత్ర ఒక పదార్థానికి మిత్రం, మరొక పదార్థానికి శత్రువు.

కళాయి

ఈ కలహాన్ని తీర్చిన మధ్యవర్తి కళాయి. పాత్ర లోపలి భాగాన్ని ఇసుకతో, పులుపుతో బాగా తోమి, నేలలో తవ్విన కొలిమిపై తిత్తులు ఊదుతూ కాలుస్తారు. ఎర్రబడకముందే నవసాగరం పొడి చల్లుతారు. గుప్పున తెల్లని పొగ లేస్తుంది. ఆ పొడి లోహంపై ఉన్న మకిలిని తొలగిస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే అది కరుగుతుంది. దూది ఉండతో ఒక్క ఊపున చుట్టూ రుద్దితే నల్లని పాత్ర లోపల వెన్నెల పరచినట్లవుతుంది. తగరం పులుపుతో త్వరగా కలియదు. కలిసినంత మాత్రం కూడ రాగి వలె హాని చేయదు. లోపల తగరం, వెలుపల రాగి. ఒకటి ఆహారాన్ని కాపాడుతుంది, మరొకటి మంటను నడిపిస్తుంది.

కాని తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది. అందుచేత కళాయి పాత్రను ఖాళీగా పొయ్యిపై పెట్టరాదు. గట్టి గరిటెతో గీకినా, బూడిదతో మరీ గట్టిగా తోమినా కళాయి పలుచబడుతుంది. కొన్ని నెలలకొకసారి మళ్ళీ వేయించాలి. వేసే తగరం శుద్ధంగా ఉండాలి. చవకకు ఆశపడి సీసం కలిపితే మేలుకు బదులు విషం తెచ్చుకొన్నట్లే. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది.

ఈ పనిపై ఆధారపడి ఎందరో ముస్లిం కుటుంబాలవారు బ్రతికారు. తిత్తి భుజాన వేసికొని వీధి వీధినా 'కళాయి' అని కేక వేసి తిరిగేవారు. హిందువుల ఇత్తడి బిందెలు, ముస్లిముల రాగి దేగ్చీలు, బధ్నాలు ఒకే కొలిమి చుట్టూ చేరేవి. ఎవరి పాత్ర ఎవరి చేతిలో మెరుస్తున్నదని ఎవరూ అడగలేదు. ఊరుమ్మడి ఆరోగ్యాన్ని కాపాడిన ఆ పనివారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. స్టీలు వచ్చి వంటింటిని ఆక్రమించిన తరువాత వారి కేక క్రమంగా వినబడకుండా పోయింది. మెరుగైన పాత్ర వచ్చినందుకు సంతోషించవలసిందే. అయితే దాని కోసం ఎవరి పొయ్యి ఆరిందో కూడ మనం తెలిసికొని ఉండాలి.

అల్యూమినియం

మన ఇళ్ళలో 'సత్తు గిన్నె' అని, 'సిల్వరు గిన్నె' అని పిలిచేది చాల వరకు అల్యూమినియమే. సత్తు అనే మాట మొదట తగరపు పాత్రలకు ఉండేది. చారు కాచడానికి పూర్వులు మెచ్చిన సత్తు గిన్నె అదే. తరువాత ఆ పేరు రంగులో పోలిక ఉన్న అల్యూమినియానికి కూడ సంక్రమించింది.

19వ శతాబ్ది మధ్యకాలంలో ఈ లోహం ఎంతో అరుదు. విద్యుత్తు సాయంతో దానిని చవకగా తీసే పద్ధతిని 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విడివిడిగా కనుగొన్న తరువాతనే అది సామాన్యుని వంటింటికి దిగివచ్చింది. మదరాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ 1898లో అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభింపజేశాడు. ఇక్కడ కూడ విశాఖకు సంబంధం ఉన్నది. మన్యపు కొండలలో బాక్సైటు నిక్షేపాలు ఉన్నాయి. ఒడిశాలోని దామన్‌జోడిలో తయారయ్యే అల్యూమినా మన ఓడరేవు గుండా విదేశాలకు వెళుతున్నది.

దీని గుణాలు మూడు. ధర తక్కువ. బరువు స్టీలులో మూడింట ఒక వంతు మాత్రమే. వేడిని స్టీలుకంటె సుమారు 15 రెట్లు బాగా నడిపిస్తుంది. బీదల ఇంటికి ఈ మూడూ పెద్ద ఉపకారాలే. కొద్దిపాటి కట్టెలతో అన్నం ఉడుకుతుంది. దోషమేమంటే ఇది ఇటు పులుపుకూ, అటు క్షారానికీ రెండింటికీ లొంగుతుంది. చింతపండు పులుసు నిలువ ఉంచితే గుంటలు పడతాయి. బూడిదతోనో, సోడాతోనో తోమితే నల్లబడుతుంది. మతిమరుపు వ్యాధికి అల్యూమినియం గిన్నెలే కారణమన్న ప్రచారం ఒకటి ఉన్నది. అది శాస్త్రీయంగా రుజువు కాలేదు. రుజువు కాని భయాన్ని వ్యాపింపజేయడం విద్యావంతులకు తగదు. అయితే తుక్కు కరిగించి పోతపోసిన నాసిరకం గిన్నెలలో సీసం వంటివి చేరే ప్రమాదం మాత్రం నిజమైనది. కాబట్టి అన్నం వార్చడానికి, నీళ్ళు కాచడానికి మంచి అల్యూమినియం పాత్ర చాలును. పులుసు కాచడానికీ, కూర నిలువ ఉంచడానికీ పనికిరాదు.

స్టీలు

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు త్వరగా అరిగిపోని తుపాకీ గొట్టాల కోసం ప్రయత్నిస్తూ క్రోమియం కలిసిన ఉక్కుపై పనిచేశాడు. అది తుప్పు పట్టడం లేదని గమనించి, కత్తులకు, చెంచాలకు పనికివస్తుందని గుర్తించాడు. యుద్ధానికై మొదలైన పని భోజనపు బల్లకు చేరింది. లోహచరిత్రలో ఇటువంటి శుభపరిణామాలు అరుదు.

ఉక్కులో క్రోమియం సుమారు నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువ కాకుండా ఉంటే, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి పైన కంటికి కనబడని పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర గీతపడితే తిరిగి తనంతట తానే ఏర్పడుతుంది. కళాయి వెలుపలినుంచి వేసే కవచం, దీనిది లోపలినుంచి పుట్టే కవచం. మంచి పాత్రల స్టీలులో సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి.

మన నగరాన్ని ఉక్కునగరం అంటారు. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఉద్యమించి, ప్రాణాలు అర్పించి సాధించుకొన్న కర్మాగారమది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైంది. అయినా మన కంచం అక్కడ తయారైనది కాదు. విశాఖ కర్మాగారం ప్రధానంగా ఇళ్ళకు, వంతెనలకు కావలసిన కడ్డీలు, తీగలు, కోణాలు చేస్తుంది. వంటింటి స్టీలు వేరు జాతి. దక్షిణాదిలో దానికి పేరు తెచ్చినది 1980వ దశకం ఆరంభంలో ఉత్పత్తి మొదలుపెట్టిన సేలం కర్మాగారం. కాని వంటింటి స్టీలుతో విశాఖకు వేరొక చుట్టరికం ఉన్నది. 1933లో మన ఓడరేవును తెరవడానికి ముఖ్య కారణాలలో ఒకటి, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకు ఎక్కించడం. నేడు బజారులో దొరికే చవకరకం స్టీలు పాత్రలలో ఖరీదైన నికెలును తగ్గించి దాని స్థానంలో ఆ మాంగనీసునే ఎక్కువగా కలుపుతున్నారు. అటువంటి స్టీలు పాత్రకు పనికిరాదని కాదు. ఉప్పు, పులుపు ఎక్కువ కాలం తగిలితే మంచి రకంకంటె త్వరగా మచ్చపడుతుంది.

దుకాణంలో అయస్కాంతం పెట్టి చూచి, అంటుకోకపోతే మేలురకమని నమ్మడం మనకు అలవాటు. ఈ పరీక్ష పూర్తిగా నమ్మదగినది కాదు. నికెలు బాగా ఉన్న స్టీలు అయస్కాంతానికి అంటదు, నిజమే. కాని మాంగనీసు ఎక్కువగా ఉన్న చవకరకమూ అంటదు. పైగా క్రోమియం మాత్రమే ఉన్న ఒక మంచి రకం అంటుకొంటుంది, అయినా తుప్పు పట్టదు. కాబట్టి అయస్కాంతంకంటె ముద్రను చూడడం మేలు. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు జారీ చేసింది.

స్టీలుకు దోషాలు లేవా? ఉన్నాయి. అది వేడిని పక్కలకు పరచలేదు. అందుకే పలుచని స్టీలు గిన్నెలో పాలు, పాయసం అడుగంటుతాయి. మరి వేడిని సరిగా నడిపించని లోహమైతే కాఫీ గ్లాసు వేళ్ళను ఎందుకు కాలుస్తుంది? గ్లాసు గోడ ఒక మిల్లీమీటరు మందం కూడ ఉండదు. అంత చిన్న దూరాన్ని వేడి ఎట్లాగైనా దాటుతుంది. అడ్డంగా ప్రయాణించవలసి వచ్చినప్పుడే స్టీలు బద్ధకం బయటపడుతుంది. స్టీలుకు మరో శత్రువు ఉప్పు. ఉప్పునీరు రాత్రంతా నిలిచిన పాత్రలో సూదిమొనల వంటి గుంటలు పడతాయి. సముద్రపు గాలి వీచే మన ఊరిలో తోమిన పాత్రను బోర్లించి ఆరబెట్టడం, తుడిచి పెట్టడం అవసరం.

ఇన్ని చెప్పినా వండే పాత్రగా కాక తినే పాత్రగా చూచినప్పుడు స్టీలు కంచానికి సాటి లేదు. పులుసు, పెరుగు, ఊరగాయ మూడూ ఒకే కంచంలో పక్కపక్కన కూర్చున్నా దానికి అభ్యంతరం లేదు. కళాయి అక్కరలేదు. జారిపడితే చప్పుడు చేస్తుందే గాని పగలదు. వేడినీటిలో సబ్బుతో కడిగితే నిన్నటి వాసన కూడ మిగలదు.

పింగాణీ, తామ్‌చీనీ, ప్లాస్టిక్

పింగాణీ, గాజు పదార్థంతో కలహించవు. చూడడానికి అందం. పగలడమే వాటి ఏకైక దోషం. అది చిన్న దోషం కాదు. ఇనుపరేకుపై గాజుపూత పోసిన తామ్‌చీనీ పళ్ళాలు ఒకప్పుడు అనేక ముస్లిం ఇళ్ళలో నిత్యోపయోగంలో ఉండేవి. పూత ఉన్నంతవరకు అవి పింగాణీతో సమానం. అంచు పెట్లిన తరువాత ఇనుము తుప్పు పడుతుంది. అటువంటి దానిని వాడకపోవడమే మంచిది.

మెలమైన్ పళ్ళెం తేలిక, రంగుల సొగసు కలది. మరగకాగిన పులుసుకు, వేడినూనెకు, మైక్రోవేవ్ పొయ్యికి అది పనికిరాదు. పేపరు పళ్ళెమని మనం పిలిచేది చాలసార్లు ప్లాస్టిక్ పూత గల కాగితం. ఆ పూత వలన అది పూర్తిగా కాగితమూ కాదు, మట్టిలోనూ త్వరగా కలియదు. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవాటిని 2022 జూలై 1వ తేదీ నుండి దేశమంతటా నిషేధించారు. అయినా విందు ముగిసిన మరునాటి ఉదయం వీధి చివర కుప్పను చూచినవారికి ఆ నిషేధం ఎంతవరకు అమలవుతున్నదో చెప్పనక్కరలేదు. కాలువలలో పడినది గెడ్డలకు, గెడ్డలనుండి సముద్రానికి చేరుతుంది. చేపలను నమ్ముకొన్న ఊరికి అది సొంత కంచంలో మన్ను పోసికొనడమే.

చేయి, చెంచా

పాత్రలను గూర్చి చెప్పి చేతిని విడిచిపెట్టరాదు. చైనా, జపాను దేశీయులు పుల్లలతో తింటారు. ఐరోపావారు ముళ్ళ గరిటెలతో తింటారు. మనం చేతితో తింటాము. దీనిలో నాగరికత, అనాగరికత అనే తారతమ్యం లేదు. ఏ దేశపు తిండికి ఆ దేశపు సాధనం. పిడచగా ఉండే వారి అన్నం పుల్లలకు లొంగుతుంది. పప్పు, పులుసు కలిపి ముద్ద చేయవలసిన మన అన్నానికి వేళ్ళే కావాలి. వేడి ఎంత ఉన్నదో నోటికంటె ముందు వేళ్ళు చెబుతాయి. విశాఖ తీరాన చేపలపులుసు తినేవారికి ముల్లును పట్టి ఇచ్చేది వేళ్ళే గాని చెంచా కాదు. అయితే చేతిని మించిన మురికి సాధనమూ లేదు. సబ్బుతో కడిగిన చేయి చెంచాకు ఏమాత్రం తీసిపోదు, కడగని చేయి ఏ పాత్రనైనా పాడుచేస్తుంది. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుండి ఒకే సేనీలో తినే సంప్రదాయంలో, ముందుగా అందరి చేతులపై నీళ్ళు పోయించడం మర్యాద మాత్రమే కాదు, ఆరోగ్య సూత్రం. కుడిచేతితో, తనవైపు నుండి మాత్రమే తినవలెనన్న నియమం కూడ పక్కవానిపై గౌరవమే.

పాత్రలో మనిషి విలువ

ఇక నాలుగవ పరీక్ష. బ్రిటిషువారి కాలంలో రైల్వేస్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని వేరువేరు కుండలు ఉండేవి. దాహం ఒక్కటే, నీరు ఒక్కటే, పాత్రలు మాత్రం రెండు. స్వాతంత్ర్యం తరువాత కూడ మన రాష్ట్రంలోని గ్రామాల టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు పెట్టే 'రెండు గ్లాసుల పద్ధతి' చాలకాలం సాగింది. రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో దానిని నేరంగా పరిగణించే చట్టం వచ్చింది. అయినా చట్టాన్ని గ్లాసు దాటలేకపోయిన ఊళ్ళు ఉన్నాయి. వేరు గ్లాసు పెట్టేవాడు దానికి శుభ్రతను సాకుగా చెబుతాడు. కాని ఒక గ్లాసు వేడినీటితో కడిగితే శుభ్రపడుతుందని ఒప్పుకొన్న తరువాత, రెండవ గ్లాసు ఉన్నది శుభ్రత కోసం కాదని తేలిపోతుంది. అది మనిషిని కించపరచడానికే ఉన్నది.

ఇస్లాం ధర్మం బంగారు, వెండి పాత్రలలో తినడాన్ని, త్రాగడాన్ని నిషేధించింది. భోజనం దగ్గర ఆడంబరం, అహంకారం చేరకూడదనేది దాని ఆంతర్యమని పండితులు వివరిస్తారు. వెండి కంచాన్ని శుభంగా భావించే మన హిందూ సోదరులు కూడ బంతిభోజనంలో అందరికీ ఒకే రకం విస్తరి వేస్తారు. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు' అనే సామెత వడ్డనలోని పక్షపాతాన్ని వెక్కిరిస్తుంది. రెండు సంప్రదాయాలలోనూ పంక్తిలో సమానత్వమే ఆదర్శం, ఆచరణలోనే లోపం. ఒకే రకం కంచం, అందరికీ కడిగి పెట్టే కంచం, ఆ ఆదర్శానికి దగ్గర. ఈ దృష్టితో కూడ స్టీలు కంచం ఉత్తీర్ణమైనది. ధనవంతుని ఇంటిదానికీ, కూలివాని ఇంటిదానికీ మందంలో భేదం ఉండవచ్చును గాని రూపంలో పెద్ద భేదం లేదు.

మన కళాశాల చేయదగినది

ఈ విచారణ కాగితంపైనే నిలిచిపోకుండా విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు రెండు మనవులు ఉంచుతున్నాము.

మొదటిది. వార్షికోత్సవం, ఇఫ్తార్ విందు, స్వాగత సభ, వీడ్కోలు సభ అని ఏడాదికి నాలుగు సందర్భాలు, సభకు 300 మంది అనుకొందాం. ఏడాదికి 1200 పళ్ళాలు, పదేళ్ళకు 12000 పళ్ళాలు కుప్పకు చేరుతాయి. ఒక స్టీలు పళ్ళెం వెల వాడి పారవేసే పళ్ళెం వెలకు 20 రెట్లు అనుకొన్నా, ఏడాదికి నాలుగు మార్లు వాడితే ఐదేళ్ళలో ఖర్చు సరిపోతుంది. కడిగే నీరు, కడిగేవారి కూలి కలిపితే మరికొంత కాలం పట్టవచ్చు. కాని మంచి పళ్ళెం ఇరవై ఏళ్ళయినా మన్నుతుంది. పేటలోని పెళ్ళిళ్ళకు, మసీదు విందులకు, ఇరుగుపొరుగు శుభకార్యాలకు స్వల్ప రుసుముపై ఇస్తే ఆ సొమ్ము ఇంకా ముందే తిరిగి వస్తుంది. ఏటా కొంత చొప్పున 300 పళ్ళాలు, 300 గ్లాసులు సమకూర్చుకొని 'కళాశాల పాత్రల భాండారం' ఏర్పాటు చేయవచ్చును. తిన్న పళ్ళెం తానే కడిగి పెట్టడం విద్యార్థికి చిన్నతనం కాదు. లెక్చరర్లు కూడ ఆ వరుసలో నిలబడవలెను.

రెండవది. విందులకు వండే రాగి దేగ్‌లకు కళాయి ఉన్నదా లేదా అని చూచే బాధ్యతను ఒకరికి అప్పగించాలి. కళాయి వేయవలసి వచ్చినప్పుడు ఆ పని తెలిసినవారిని తగిన కూలి ఇచ్చి కళాశాల ఆవరణలోకే పిలిపించాలి. నవసాగరం పొగ ఎందుకు లేస్తుందో, తగరం రాగికి ఎందుకు అతుక్కొంటుందో రసాయనశాస్త్ర విద్యార్థులు ఆ కొలిమి దగ్గర నిలబడి చూడాలి. ఆ పనిముట్ల పేర్లను, పని మాటలను తెలుగు, ఉర్దూ విద్యార్థులు వ్రాసికొనాలి. పుస్తకంలో లేని విద్యను చేతిలో ఉంచుకొన్న ఆ పనివానికి ఆ పూట మన విద్యార్థుల పంక్తిలోనే, వారు తినే కంచం వంటి కంచంలోనే భోజనం పెట్టాలి.